మింటినుండి సోయా పొలముల లెక్క

2021వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీ ఉదయమున శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. సి-51 రాకెట్టు బయలుదేరినప్పుడు అది ప్రధానముగా మోసికొనిపోయినది బ్రెజిల్ దేశమువారి ఉపగ్రహమును. దాని పేరు అమెజోనియా-1, బరువు 637 కిలోగ్రాములు. భూమిని పరిశీలించుటకై బ్రెజిల్ దేశము పూర్తిగా తానే రూపొందించి నిర్మించుకొనిన మొదటి ఉపగ్రహ మిది. పులికాటు సరస్సు ఒడ్డునుండి ఎగిరిన ఈ యంత్రమునకు అప్పగించిన పనులలో ముఖ్యమైనది, మనకు సుమారు పదునైదువేల కిలోమీటర్ల దూరమున నున్న అమెజాన్ అడవిని కనిపెట్టియుండుట. అడవిని ఎక్కడ నరికిరి, ఎప్పుడు నరికిరి, నరికినచోట పిమ్మట ఏమి మొలచినది అను ప్రశ్నలకు ఇట్టి ఉపగ్రహములు సమాధానము చెప్పవలసియున్నవి. మొదటి రెండు ప్రశ్నలు కొంత సులభమైనవి. మూడవదియే కష్టము, ఈ ప్రసంగమునకు విషయ మదియే.

మొలచిన వానిలో అధిక వివాదమునకు గురియైనది సోయాచిక్కుడు. ఈ పేరు మన శ్రోతలకు క్రొత్తది కాదు. ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతములలో దీనిని వానకాలపు పంటగా వేయుచున్నారు. పండించని ఇండ్లలోనికి నూనె రూపమున వచ్చుచున్నది. మన దేశము దిగుమతి చేసికొను సోయానూనెలో అధికభాగము అర్జెంటీనా, బ్రెజిల్ దేశములనుండి ఓడలమీద వచ్చినదే. అయినను గింజలో నూనె ఇంచుమించు ఐదవవంతు మాత్రమే. నూనె తీయగా మిగిలిన చెక్కలో మాంసకృత్తులు మెండుగా నుండుటచేత అది కోళ్లకును పందులకును శ్రేష్ఠమైన దాణా. ప్రపంచమున మాంసాహారము పెరిగినకొలది ఆ చెక్కకు గిరాకి పెరిగినది. సోయాకు పుట్టినిల్లు చైనా. నేడు బ్రెజిల్ సోయాను అందరికంటె అధికముగా కొనుచున్నదియు చైనాయే.

ఒకప్పుడు బ్రెజిల్‌లో ఈ పంట దక్షిణమందలి చల్లని రాష్ట్రములను దాటి రాలేదు. సోయా మొక్కకు పగటి నిడివితో పట్టింపు కలదు. భూమధ్యరేఖకు దాపున వేసవిలోనైనను పగలు అంత దీర్ఘముగా ఉండదు కావున, అక్కడ నాటిన మొక్క ఎదుగకముందే పూతకు వచ్చి గిడసబారెడిది. 1973లో స్థాపింపబడిన ఎంబ్రాపా అను ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులును, ఇతరులును కలిసి ఈ చిక్కును విప్పిరి. పొట్టి పగళ్లకు ఓర్చు రకములను సృష్టించిరి. సెరాడో అను మధ్య బ్రెజిల్ మైదానములందలి పుల్లని నేలలకు సున్నము వేసి ఆమ్లగుణమును తగ్గించిరి. విత్తనమునకు వేరుబుడిపెలను కలిగించు సూక్ష్మజీవులను పట్టించి నత్రజని ఎరువుల ఖర్చును తప్పించిరి. వ్యవసాయశాస్త్రము సాధించిన గొప్ప విజయములలో ఇది యొకటి యనుటకు సందేహము లేదు. కాని పంట ఉత్తరమునకు నడచుటకు త్రోవ తెరచినదియు ఈ విజయమే. మాటో గ్రోసో రాష్ట్రమున సొరీసో అను పట్టణము కలదు. పోర్చుగీసు భాషలో ఆ పేరునకు చిరునవ్వు అని అర్థము. ఆ దేశమున సోయాకు పేరుపొందిన మండలములలో అది అగ్రగణ్యము. ఆ పేరు పెట్టినవారికి ముందుచూపు ఉన్నదేమో!

ఈ నడక ఎంత దూరము సాగినది? అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు మరికొందరితో కలిసి దక్షిణ అమెరికా ఖండమంతటిని ఏటేట ఉపగ్రహచిత్రములతో కొలిచి 2021లో ఫలితములను ప్రకటించిరి. 2000లో ఆ ఖండమున సోయా సాగు 2 కోట్ల 64 లక్షల హెక్టార్లు. 2019 నాటికి అది 5 కోట్ల 51 లక్షల హెక్టార్లైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల మొత్తము వైశాల్యము, కొండలు, నదులు, ఊళ్లు అన్నియు కలిపినను, రమారమి 2 కోట్ల 75 లక్షల హెక్టార్లు. అనగా పందొమ్మిదేండ్లలో క్రొత్తగా చేరిన సోయా భూమియే మన రెండు రాష్ట్రములకంటె పెద్దది. బ్రెజిల్ దేశపు అమెజాన్ భాగమున పెరుగుదల మరింత వేగముగా సాగినది: 4 లక్షల హెక్టార్లనుండి 46 లక్షల హెక్టార్లకు.

సాగు లెక్కలు ప్రతి దేశమునందును ప్రభుత్వము వ్రాయించుచునే యుండును కదా, దీనికి ఉపగ్రహ మెందుకు అని అడుగవచ్చును. మన గ్రామములలో కరణములున్న కాలమున అడంగలులో ఏ సర్వే నంబరునందు ఏ పంట ఉన్నదో వ్రాసెడివారు. అట్టి లెక్క నమ్మదగినదైనను అది ఆ యేటి లెక్క. బ్రెజిల్‌లో ప్రభుత్వ గణాంకములు మండలమున కింతయని మొత్తము చెప్పును. ఆ పొలము సరిగా ఎక్కడ నున్నదో, పదేండ్ల క్రింద అచ్చట చెట్లున్నవో గడ్డి ఉన్నదో చెప్పవు. లాండ్‌శాట్ అను అమెరికా ఉపగ్రహముల వరుసలో మొదటిది 1972 జులై 23న ఎగిరినది. ఆ చిత్రములను నేరుగా అందుకొనుటకు మాటో గ్రోసో రాజధానియైన కుయాబాలో బ్రెజిల్ తొందరగనే, 1973లో, కేంద్రమును నెలకొల్పుకొనినది. నాటినుండి చేర్చిపెట్టిన చిత్రములే నేటి పరిశోధనకు భాండారము. 2008 వరకు ఒక్కొక్క చిత్రమును వెలయిచ్చి కొనవలసియుండెను. లాండ్‌శాట్-7 చిత్రమొకటి 600 డాలర్లు. ఆ యేడు వానిని ఉచితముగా అందరికి తెరచినపిమ్మటనే ఒక ఖండమంతటిని ఏటేట కొలుచుట సాధ్యమైనది. ఈ విద్యలో క్రొత్త యంత్రములకంటె ఆ యొక్క నిర్ణయమే ఎక్కువ మేలు చేసినదని నా అభిప్రాయము.

ఇక ఆకాశమున ఏడువందల కిలోమీటర్ల ఎత్తున నున్న యంత్రము సోయాను మొక్కజొన్ననుండి ఎట్లు వేరుచేయును? రేడియోగల ఇండ్లవారికి దీనిని వివరించుట సులభము. మీరు ముల్లు త్రిప్పినప్పుడు ఒక్కొక్క తరంగదైర్ఘ్యమున ఒక్కొక్క కేంద్రము పలుకును. కాంతియు అట్టి తరంగములే, అత్యంత సూక్ష్మమైనవి. ఉపగ్రహమందలి పరికరము నీలము, ఆకుపచ్చ, ఎరుపు అను కేంద్రములను మాత్రమేగాక, ఎరుపునకు అవతల మన కంటికి ఆనని పరారుణ కాంతిలోని రెండు మూడు కేంద్రములను కూడ వేరువేరుగా వినును. పచ్చని ఆకు ఎరుపును మ్రింగివేయును. తనలోని కణముల అమరికచేత దగ్గరి పరారుణమును మిక్కిలిగా వెనుకకు త్రిప్పికొట్టును. కావున ఒకచోట ఎరుపు సన్నగిల్లి పరారుణము బిగ్గరగా వినవచ్చినచో అచ్చట ఆకు దట్టముగా ఉన్నదని అర్థము. సోయా పొలము గుబురుగా కమ్ముకొన్న వారములలో పరారుణమున మొక్కజొన్నకంటె ప్రకాశవంతముగా కనుపించును.

అయినను ఒక్కనాటి వెలుగుతో తీర్పు చెప్పుట ప్రమాదము. అసలు ఆనవాలు ఋతుచర్యలో నున్నది. మాటో గ్రోసోలో సెప్టెంబరు చివరనో అక్టోబరులోనో వానలు పడగనే సోయా విత్తుదురు. అంతవరకు నేల నగ్నముగా ఉండును. పచ్చదనము రెండు నెలలలో శిఖరము నందుకొనును. పిమ్మట ఆకు పండి రాలిపోవును. జనవరి, మార్చి నెలల నడుమ కోత. వెనువెంటనే అదే నేలలో మొక్కజొన్నయో ప్రత్తియో వేయుదురు. ఈ చరిత్రను గీతగా గీచినచో రెండు మూపురములు కనుపించును. పచ్చికబీడు గీత వానలతో మెల్లగా లేచి మెల్లగా దిగును. అడవి గీత ఏడాది పొడవున దాదాపు చదునుగా నుండును. దీనికి తోడు ఒక తెగులు కూడ గుర్తింపునకు సాయపడినది. 2001లో ఆ ఖండమున అడుగిడిన ఆసియా తుప్పు తెగులును అరికట్టుటకు బ్రెజిల్ రాష్ట్రములు, కోత తరువాత కొన్ని నెలలపాటు పొలమున ఒక్క సోయా మొక్కయు ప్రాణముతో ఉండరాదని కట్టడి చేసినవి. పొలముల కాలచక్రము అందుచేత మరింత క్రమబద్ధమైనది. అయితే అర్జెంటీనాలో విత్తులు నవంబరు, డిసెంబరులలో, కొన్నిచోట్ల గోధుమ కోసినపిదప. కోత ఏప్రిల్, మే నెలలలో. ఒక ప్రాంతపు పంచాంగము మరియొకచోట పనికిరాదు.

లాండ్‌శాట్ చిత్రమున ఒక గడి నేలమీద 30 మీటర్ల చదరము. మన ఆంధ్ర లెక్కలో 22 సెంట్లు, తెలంగాణ లెక్కలో సుమారు 9 గుంటలు. కాని ఒక్కొక్క లాండ్‌శాట్ అదే చోటికి మరల వచ్చుటకు 16 రోజులు పట్టును. ఆ దినమున మబ్బు కమ్మినచో మరల పక్షము దాటవలెను. మోడిస్ అను మరియొక పరికరము దినదినము చూచును గాని దాని నిశితమైన గడియే 250 మీటర్ల చదరము, అనగా పదునైదెకరములు. వందల హెక్టార్ల కమతములుగల మాటో గ్రోసోకు అది చాలును. 2015నుండి ఎగిరిన యూరపువారి సెంటినెల్-2 ఉపగ్రహముల గడి 10 మీటర్లు. అనగా ఒక్క గుంట.

ఇంతతో పటము తయారగును. పటము తయారైనంత మాత్రమున లెక్క సరియైనదని అనుకొనరాదు. ఇచ్చట ఒక చిన్న గణితమును గమనింపుడు. ఒక మండలమున నూటికి రెండు పాళ్లే సోయా ఉన్నదనుకొందము. మిగిలిన 98 పాళ్లలో నూటికి రెండు చొప్పున మాత్రమే యంత్రము పొరబడి గడ్డిని సోయా యన్నదనుకొందము. మంచి పనితనమే కదా! అయినను పటమున సోయా నాలుగు పాళ్లై కూర్చుండును, ఉన్నదానికి రెట్టింపు. గడులను లెక్కించి వైశాల్యమును ప్రకటించువారు పలుమారు ఈ గోతిలో పడిరి. పైన చెప్పిన పరిశోధకులు పటమును తుది లెక్కగా గైకొనలేదు. పటము సాయముతో ఖండమును సోయా దట్టముగా ఉండు భాగములు, పలుచని భాగములు, లేని భాగములు అని పొరలుగా విభజించి, ఒక్కొక్క పొరలో చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగా స్థలముల నెన్నుకొని, అచ్చటికి బండ్లమీద పోయి కంటితో చూచి వైశాల్యమును కట్టిరి. అన్న ముడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందుము. ఈ కుండలో అన్ని మెతుకులు ఒక్క తీరుగ ఉడుకవు కావున, మెతుకును పట్టుటకును పద్ధతి కావలసివచ్చినది.

లెక్క కుదిరిన తరువాత వచ్చు ప్రశ్న నేరమునకు సంబంధించినది. సోయాకొరకే అడవి నరికిరా? మేరీలాండ్ వారి పరిశీలన ప్రకారము, ఈ శతాబ్ది ఆరంభమునుండి ఆ ఖండమున నష్టమైన అడవిలో 2016 నాటికి సోయాగా మారియున్నది నూటికి 9 పాళ్లు. క్రొత్త సోయా భూమిలో అధికభాగము మొదట పశువులకై అడవి నరికి చేసిన పచ్చికబీళ్ల మీదనే వచ్చినది. ఈ వాక్యమును సోయావర్తకుడు చదివి, చూచితిరా, నేను అడవిని తాకలేదు, నరికినవాడు పశువుల ఆసామి యనును. అడవిని రక్షింపగోరువాడు అదే వాక్యమును చదివి, బీడును నీవు కొనినందుననే ఆ ఆసామి చేతిలో సొమ్ము పడి ఇంకను లోపలి అడవికి పోయినాడనును. ఇద్దరును ఒకే పటమును చూపుచున్నారు. ఆ నేలను ఒక్క యేడు వెనుకకు తిరిగి చూచినచో గడ్డి. పదేండ్లు వెనుకకు చూచినచో అడవి. ఎన్ని యేండ్లు వెనుకకు చూడవలెనను దానిని ఉపగ్రహము నిర్ణయింపదు. చట్టమో, ఒప్పందమో నిర్ణయించును. సోయా పటములను గూర్చిన తగవులలో నూటికి తొంబది ఈ గడువు తేదీని గూర్చిన తగవులే యని నాకు తోచుచున్నది.

అట్టి ఒప్పందమొకటి 2006 జులై 24న పుట్టినది. ఆ యేడు వసంతమున గ్రీన్‌పీస్ సంస్థ అమెజాన్ సోయాకును యూరపులోని మాంసాహారశాలలకును గల సంబంధమును బయటపెట్టుటతో గగ్గోలు పుట్టి, బ్రెజిల్‌లోని సోయావర్తక సంఘములు ఇకమీదట అమెజాన్‌లో క్రొత్తగా నరికిన నేల పంటను కొనబోమని మాట యిచ్చినవి. గడువును పిమ్మట 2008 జులైకు మార్చిరి. మాట నిలుచుటకు కాపలా కావలెను గదా. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధనసంస్థ 1988నుండి అమెజాన్‌లో ఏటేట నరికిన అడవిని పటములకెక్కించుచున్నది. ఆ పటములమీద మోడిస్ చిత్రములను పెట్టి పంట వేసినట్లు తోచిన చోట్లను ఏరి, వానిపై చిన్న విమానములలో ఎగిరి సోయా అవునో కాదో చూచివచ్చెడివారు. సోయా అయినచో ఆ కమతము పంటను కొనువారుండరు. 2015లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారము, ఒప్పందమునకు ముందు రెండేండ్లలో అమెజాన్ సోయా విస్తరణలో నూటికి దాదాపు 30 పాళ్లు నేరుగా అడవిని నరికిన నేలలో జరిగినది. 2014 నాటికి అది నూటి కొక్కపాలు. మొత్తము అమెజాన్ అడవి నష్టము కూడ 2004లో 27,772 చదరపు కిలోమీటర్లనుండి 2012లో 4,571కి దిగినది. దీని యశస్సంతయు సోయా ఒప్పందమునకే కట్టరాదు. 2004లో మొదలైన ఉపగ్రహ హెచ్చరికలు, అధికారుల దాడులు, క్రొత్త రక్షితారణ్యములు ఎక్కువ పని చేసినవి. 2021 నాటికి నష్టము మరల 13 వేల చదరపు కిలోమీటర్లు దాటుటయు చూచితిమి.

ఇంతలో కాపలా లేని వైపు ఏమైనది? ఒప్పందము అమెజాన్ అడవికే పరిమితము. పొదలు, గడ్డి, వంకరచెట్లు కలిసిన సెరాడోకు అది వర్తింపలేదు. పై పరిశీలన ప్రకారమే, సెరాడో ఈశాన్య భాగమగు మటోపిబా అను నాలుగు రాష్ట్రముల సరిహద్దుసీమలో 2007, 2013 నడుమ పెరిగిన సోయాలో నూటికి సుమారు 40 పాళ్లు సహజ వృక్షసంపదను తొలగించి వేసినదే. ఖండమంతటను సోయాకై పోయిన అడవిలో దాదాపు సగము బ్రెజిల్ సెరాడోదేయని మేరీలాండ్ వారును తేల్చిరి. సెరాడో చూపునకు అడవివలె కనుపింపదు. దానికై ఊరేగింపులు చేయువారు తక్కువ. కాని బ్రెజిల్ మహానదులు పెక్కింటికి పుట్టుక అచ్చటనే.

రైతుల వాదమును కూడ వినవలెను. 2012 అటవీచట్టము ప్రకారము అమెజాన్ అడవిలో భూమిగల రైతు నూటికి 80 పాళ్లు అడవిగా ఉంచి, అనుమతి పొంది తక్కినది సాగు చేసికొనవచ్చును. చట్టము ఒప్పుకొనిన పంటను వర్తకులు కూడబలుకుకొని కొనకుండుట న్యాయమా అని వారి ప్రశ్న. 2025 ఆగస్టులో ఆ దేశమున వాణిజ్యపోటీని పర్యవేక్షించు ప్రభుత్వసంస్థ ఈ వాదమును పరిగణించి ఒప్పందమును నిలుపుదల చేయుమని ఆజ్ఞాపించినది. వివాదము న్యాయస్థానముల కెక్కినది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టము మరియొక తేదీని పెట్టినది: 2020 డిసెంబరు 31 తరువాత అడవి పోయిన నేల సోయా తమ విపణిలోనికి రారాదని. ఆ చట్టము అమలు ఒకటికంటె ఎక్కువసార్లు వాయిదా పడినది. అనుమతి పత్రముగల నరకుడును, లేని నరకుడును పైనుండి చూచినచో ఒక్క రంగుననే కనుపించును. ఆ భేదము కాగితములలో వెదుకవలసినదే.

మన నేలలకు ఈ విద్య ఇట్లే వర్తించునా యని అడుగువారికి ఒక మాట. ఆదిలాబాదు రైతు సోయా మడి ఎకరమో రెండెకరములో. నడుమ కంది సాళ్లు, ప్రక్కన ప్రత్తి. తొమ్మిది గుంటల గడిలో రెండు మూడు పంటలు కలిసిపోవును. అదిగాక మన సోయా జులైనుండి సెప్టెంబరువరకు, మబ్బు వీడని నెలలలో ఎదుగును. మబ్బును చొచ్చుకొనిపోవు చూపు రాడార్‌కే కలదు. అది తానే రేడియో తరంగములను పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని వినును. రాత్రియైనను, వానయైనను దానికి అడ్డు లేదు. 2025 జులై 30న భారత, అమెరికా అంతరిక్ష సంస్థలు రెండును కలిసి నిర్మించిన నిసార్ ఉపగ్రహమును శ్రీహరికోటనుండియే పంపిరి. అందలి రెండు రాడార్లలో ఒకదాని తరంగము నిడివి 24 సెంటీమీటర్లు; విచ్చిన దాని వలయాకార యాంటెన్నా అడ్డుకొలత 12 మీటర్లు. పండ్రెండు రోజుల కొకమారు అది తన దారినే మరల పట్టునట్లు కక్ష్య నిర్ణయింపబడినది. ఆ దారిలో ఆదిలాబాదును ఉన్నది, మాటో గ్రోసోయు ఉన్నది.